కోపమేమీ లేదు, ధన్యవాదాలు

జనవరి 11

అన్నయ్యకి,

నేను ఇక్కడికి వచ్చి పది రోజులైంది. ఫోన్ చేద్దామంటే, రంపం మిషన్ దగ్గర అరిగిపోయిన నీ చెవులకి ఫోన్లో సగం మాటలే వినపడతాయి. మిగతా సగానికి "ఆ, ఆ, సరే" అంటావు. దేనికి సరే అన్నావో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. వదినకి చదివి వినిపించు. ఆలస్యం చేస్తే తనే లాక్కుంటుందనుకో.

నేనుండే గది మూడో అంతస్తులో. నాతో పాటు ఒక నర్సు, ఒక టైలరమ్మ ఉంటున్నారు. ఉన్న ఒక్క కిటికీ మెట్ల వైపు తెరుచుకుంటుంది. ఎవరు ఏ చెప్పులేసుకుని ఎక్కుతున్నారో తెలుస్తుంది తప్ప ఎండా వానా తెలియవు. అయినా పర్వాలేదు, బాగానే ఉంది.

ఉద్యోగం గురించి చెబితే నువ్వు నమ్మవు. ఎవరికెంత కోపం వచ్చిందో కొలవడం నా పని. మా కంపెనీ బట్టలుతికే మిషన్లు పై దేశాలకి అమ్ముతుంది. అవి పాడైతే అక్కడివాళ్లు ఫోన్ చేసి ఇంగ్లీషులో తిడతారు. ఆ తిట్లన్నీ రికార్డు అవుతాయి. నేను చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజుకి అరవై ఫోన్లు విని, ఒక్కొక్కదానికీ ఒకటి నుంచి అయిదు వరకూ అంకె వెయ్యాలి. అయిదు పడితే ఆ రోజే మెకానిక్ వెళతాడు. ఒకటి పడితే వారం తర్వాతైనా పర్లేదు.

దీనికోసం గోడ మీద ఒక పట్టిక అంటించారు. మిఫ్డ్ అంటే ఒకటి. మూతి ముడుచుకోవడం అన్నమాట. ఎనాయ్డ్ అంటే రెండు, మన చిరాకు. యాంగ్రీ మూడు. ఫ్యూరియస్ నాలుగు, అంటే మండిపడటం. లివిడ్ అంటే అయిదు. లివిడ్ అంటే అసలు కోపంతో మొహం పాలిపోవడమట! మనకి కోపమొస్తే మొహం ఎర్రబడుతుంది, వాళ్లకేమో రక్తం దిగిపోతుందేమో. ఇవి కాక మాటల తీరులు వేరే ఉన్నాయి. 'హిట్ ద రూఫ్' అంటే పైకప్పుకి తగిలేంత ఎగరడం. 'సీయింగ్ రెడ్' అంటే కళ్లముందంతా ఎర్రగా కనపడటం. 'ఎట్ ది ఎండ్ ఆఫ్ మై టెదర్' అన్నది నాకు భలే నచ్చింది. కట్టేసిన మేక తాడు ఉన్నంత మేరా మేసేసి, ఇక కదల్లేక నిలబడిపోతుందే, అది.

మూడు నెలలు చూస్తారట. తప్పులు పదిహేను దాటితే ఇంటికే. తప్పుల్ని ఎర్ర పెన్నుతో చుట్టే సూపర్‌వైజర్ ఒకావిడ ఉంది. అందరూ ఎర్రపెన్నావిడ అనే పిలుస్తారు, అయితే ఆవిడ వెనకే.

అన్నయ్యా, ఒక్క మాట అడుగుతాను. నీ వర్క్‌షాపులో ఆర్డర్లు రాసుకునే కుర్చీ నాకోసం ఓనరుతో మాట్లాడి పెట్టావు. నేను దాన్ని వదిలేసి, నీతో చెప్పకుండా, టేబుల్ మీద చీటీ పెట్టి వచ్చేశాను. నీకు కోపంగా ఉందా?

నీ చెల్లి


జనవరి 22

చెల్లికి,

నీ ఉత్తరం అందింది. తీరిక చేసుకుని అంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. ఇక్కడ అందరం క్షేమం. ఒక స్కూలుకి నలభై బెంచీలు చేసే పని నడుస్తోంది. చెక్క బాగానే వచ్చింది.

నాకు కోపమేమీ లేదు. ఎక్కడున్నా నువ్వు సుఖంగా ఉండటమే మాకు కావలసింది. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
అన్న

మరదలా, కింద నేను రాస్తున్నాను. మీ అన్న తన కంచం తనే కడుక్కుంటున్నాడు. గుమ్మంలో చెప్పులన్నీ ఒకే వరసలో ఉన్నాయి. నిన్న నన్ను "కాస్త మంచినీళ్లు ఇప్పిస్తారా" అని అడిగాడు. మిగతాది నీకే తెలుసు. - వదిన


ఫిబ్రవరి 2

అన్నయ్యా,

వదిన రాసిన నాలుగు ముక్కలు చదివాను. కంచం, చెప్పులు, "ఇప్పిస్తారా" మూడూ కలిశాయంటే మాటలా?

నాకు తెలీదనుకుంటున్నావా? మీ షాపులో ఒకతను కొత్త తలుపుని రంపానికి అడ్డంగా తోసి పాడుచేస్తే, నువ్వు వాడి భుజం మీద చెయ్యేసి "పర్లేదు నాయనా, పాపం చాలా శ్రమపడ్డావు" అన్నావు. వాడు భయంతో నాలుగు రోజులు పనికి రాలేదు. అమ్మా నాన్నా పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అప్పట్నుంచీ నీ కోపం చూస్తూనే పెరిగాను. నువ్వు గొంతు పెంచినప్పుడు నేనెప్పుడూ భయపడలేదు. నువ్వు మర్యాదగా మాట్లాడితే మాత్రం అన్నం సహించేది కాదు.

దీనివల్ల నా ఉద్యోగానికే ఎసరు వచ్చేలా ఉంది. పోయిన వారం ఒక పెద్దావిడ ఫోన్ విన్నాను. మిషన్ తలుపు బిగుసుకుపోయి, బట్టలు మూడు రోజులుగా నీళ్లలోనే నానుతున్నాయట. ఆవిడ ఎంత నెమ్మదిగా మాట్లాడిందనుకున్నావు! కాస్త నిరాశగా ఉంది అంది. మీరందరూ ఎంత పనిలో ఉంటారో నాకు తెలుసు అంది. మీ సమయం తీసుకున్నందుకు థాంక్యూ సో మచ్ అని పెట్టేసింది.  వెంటనే అయిదు వేశాను. ఆ తర్వాత వచ్చినాయన హెడ్‌ఫోన్ పగిలేలా అరిచాడు. ఫెడప్ అన్నాడు, సిక్ అండ్ టయర్డ్ అన్నాడు, మిషన్ని వీధిలో పారేస్తానన్నాడు. వదిన గుర్తొచ్చింది. వదిన అరిచాక టీ పెట్టుకుంటుంది కదా, ఈయనా అంతే అనుకుని ఒకటి వేశాను.

ఎర్రపెన్నావిడ రెండూ చుట్టేసింది. పట్టికలో థాంక్యూ ఎక్కడుందో చూపించమంది. లేదు మరి. ఇలాంటివే ఇప్పటికి తొమ్మిదయ్యాయి. మర్యాదగా మాట్లాడేవాళ్లకి ఒకటి వెయ్యమంటారు, నా చెయ్యి అయిదు మీదకి పోతుంది. నేనేం చెయ్యను?

ఈ ఉత్తరంతో పాటు ఆ పట్టిక మొత్తం తెలుగు లిపిలో రాసి పంపుతున్నాను. నీ కోపానికి సరిపోయే మాట పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు. ఏది పెట్టినా నేను భరిస్తాను.

నీ చెల్లి


ఫిబ్రవరి 14

చెల్లికి,

పట్టిక చదివాను. ఎంతో శ్రద్ధగా రాశావు. 'రబ్ ద రాంగ్ వే' అన్న మాట నాకు అర్థమైంది. చెక్క నార ఎటు పోతోందో చూడకుండా ఎదురు చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి, ఎంత పాలిష్ పెట్టినా ఆ గరుకు పోదు. ఇంగ్లీషువాళ్లలో కూడా వడ్రంగులు ఉన్నారని తెలిసింది. మిగతా మాటలు నాకు అవసరం పడవు. కోపం లేదు కాబట్టి గీత పెట్టలేదు. పట్టిక నీ పనికి కావాల్సి వస్తుందని వెనక్కి పంపుతున్నాను.

నీ వస్తువులన్నీ పార్సెల్ చేశాను. దుప్పటి, దిండు, పుస్తకాలు, అద్దం, కుట్టుపెట్టె, గోడ గడియారం. అందగానే చూసుకుని, ఏదైనా తక్కువైతే తెలియజేయగలవు. నీ గదిలో బెంచీల చెక్క పెట్టాను. నీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

ఇట్లు,
అన్న

మరదలా, నేను చెప్పినా వినలేదు. రెండు సాయంత్రాలు కూర్చుని కట్టాడు. - వదిన


ఫిబ్రవరి 25

అన్నయ్యకి,

పార్సెల్ అందింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అద్దం పగల్లేదు. గోడ గడియారంతో సహా నా సామాను మొత్తం ఖాళీ చేయడంలో మీకు కలిగిన శ్రమకు కృతజ్ఞతలు. చెక్క పెట్టుకోవడానికి ఆ గది ఉపయోగపడుతున్నందుకు సంతోషం.

తప్పులు పదమూడయ్యాయి. ఈ ఉద్యోగం ఉన్నా పోయినా ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటాను. నా గురించి మీరు ఆలోచించనవసరం లేదు. వదినని అడిగానని చెప్పగలరు.

చెల్లి


మార్చి 6

చెల్లికి,

ఉత్తరం చేరింది. నీ నిర్ణయం నీది. ఇన్నేళ్లలో మా వల్ల ఏదైనా లోటు జరిగి ఉంటే పెద్దమనసుతో మరచిపోవాలి. బెంచీలు పూర్తయ్యాయి.

ఇట్లు,
అన్న

మరదలా, ఈ ఉత్తరం చూసి నా తల తిరిగిపోయింది. మీ ఇద్దరూ మర్యాదలతో ఒకరినొకరు చంపుకుంటున్నారు, మధ్యలో మనిషిలా అరుస్తున్నదాన్ని నేనొక్కదాన్నే. ఒకటి అడుగుతాను, ఆలోచించి జవాబు రాయి. వెళ్లేరోజు నువ్వు పెట్టిన చీటీలో ఏం రాశావో గుర్తుందా? మీ అన్న దాన్ని పనిముట్ల పెట్టె మూత లోపల అంటించుకున్నాడు. రోజూ పొద్దున మూత తీసి, అది చూసి, ఆ తర్వాతే ఉలి తీస్తాడు. - వదిన


మార్చి 17

అన్నయ్యా,

ఇది పెద్ద ఉత్తరం. కూర్చుని చదువు. నిలబడి చదివితే సగంలో చెప్పులు సర్దడానికి పోతావు.

నిన్న ఎర్రపెన్నావిడ నన్ను గదిలోకి పిలిచింది. నా తప్పుల కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. పధ్నాలుగు. ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను. బ్యాగు సర్దడానికి ఎంతసేపు పడుతుందో కూడా లెక్కేసుకున్నాను, మరి నువ్వు పంపిన గడియారం కూడా ఉందిగా.

ఆవిడ మెల్లగా అంది, ఈ పధ్నాలుగు మందికీ ఏమైందో వాకబు చేశానని. మర్యాదగా మాట్లాడారని నేను అయిదు వేసినవాళ్లు ఎనిమిది మంది. ఆవిడ వాటిని ఒకటిగా దిద్దడంతో వాళ్లకి మెకానిక్ వారం తర్వాత వెళ్లాడు. ఎనిమిది ఇళ్లలో ఏడు ఇళ్లవాళ్లు తలుపు తియ్యలేదట. మిషన్ వెనక్కిచ్చేసి వేరే కంపెనీది కొనుక్కున్నారు. ఆ పెద్దావిడ అయితే వెనక్కిచ్చేటప్పుడు మిషన్‌ని తుడిచి, మీద ఒక థాంక్యూ కార్డు కూడా పెట్టిందట. నేను ఒకటి వేసిన అరుపుల ఆరుగురూ మాత్రం మా కంపెనీతోనే ఉన్నారు. వీధిలో పారేస్తానన్నాయన రెండో మిషన్ కొన్నాడు.

"నీకెలా తెలిసింది?" అని అడిగింది. మా ఇంట్లో అంతే మేడమ్ అన్నాను. మా అన్నకి కోపమొస్తే ధన్యవాదాలు చెబుతాడని చెప్పాను. ఆవిడ ఎర్ర పెన్నుకి మూత పెట్టి, నావైపు చూసింది.

"మరి నీకు కోపమొస్తే ఏం చేస్తావు?"

"నాకు రాదు మేడమ్, నేను అన్నీ మంచిగానే..." అన్నాను. ఆ మాట అక్కడే ఆగిపోయింది. వదిన అడిగిన చీటీ అప్పుడు కళ్లముందుకొచ్చింది. "ఇన్నాళ్లూ నన్ను పెంచి పెద్దచేసినందుకు మీకు కృతజ్ఞతలు. మీ రుణం తీర్చుకోలేను. ఇక మీకు భారం కాను." నేను రాసింది ఇదే కదా.

అయ్యో అన్నయ్యా! ఇంకొకరి ఇంట్లో ఈ మాటలు చూసి బంగారంలాంటి పిల్ల అనుకుంటారు. మన ఇంట్లో ఇది తలుపు మొహం మీద వేసినట్టే. నీకు కోపం వచ్చిందా అని నేను రెండు నెలలుగా అడుగుతున్నాను, నువ్వేమో నాకే కోపం వచ్చిందని ఆ చీటీ చూస్తూ కూర్చున్నావు. నేను మర్యాదగా తలుపేస్తే నువ్వు అంతకంటే మర్యాదగా గొళ్లెం పెట్టావు.

నాకు కోపం లేదు, నువ్వే తప్పుగా అర్థం చేసుకున్నావు అని రాసేద్దామని మొదట అనుకున్నాను. రాత్రి పడుకుని ఆలోచిస్తే అదీ అబద్ధమే అనిపించింది. నువ్వు సరిగ్గానే చదివావు. నాకు కోపమే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.  మన వంశంలో ఇలా రాసినవాళ్లెవరూ లేరు కాబట్టి ఎలా మొదలుపెట్టాలో కూడా తెలీదు.

నాకు ఆ కుర్చీ వద్దు! నన్ను అడక్కుండా ఓనరుతో ఎందుకు మాట్లాడావు? నేను ఇంగ్లీషు రెండేళ్లు చదివింది నలభై బెంచీలు, పన్నెండు కిటికీలు అని రాసుకోవడానికా? షాపులో నీకు ఎదురుగా ఆ గాజు గదిలో కూర్చుని రోజంతా ఏం చెయ్యాలి? స్నేహితురాళ్ల దగ్గరికి వెళ్లాలన్నా నువ్వే తోడొస్తావు, చెప్పులు కొనాలన్నా నువ్వే సైజు చెబుతావు. నాకు ఇరవై మూడేళ్లు వచ్చాయి. ఆ రోజు ఓనరు ఒప్పుకున్నాడని నువ్వు సంబరంగా వచ్చి చెబితే నాకు ఒళ్లు మండిపోయింది. ఎనాయ్డ్ కాదు, యాంగ్రీ కాదు, పట్టికలో అయిదు దాటిపోయింది. కానీ నీ మొహంలో ఆ సంతోషం చూసి నోరు రాలేదు. చాలా మంచి పని చేశావన్నయ్యా అన్నాను. లోపలికెళ్లి ఈ ఉద్యోగానికి ఉత్తరం రాసుకున్నాను.

నా సామానంతా కట్టేసి పంపావు చూడు, అది ఇంకో కోపం. గోడ మీద మేకు ఒక్కటే మిగిల్చి ఉంటావు. నీ ఇంట్లో నాకు ఇంక చోటు లేదని చెప్పాలంటే నోటితో చెప్పొచ్చుగా. దిండు కౌగిలించుకుని ఏడ్చాను. నర్సమ్మ జ్వరమేమో అని నా నుదురు పట్టుకుని చూసింది.

ఇదీ నా కోపం. ఇంతకంటే పెద్దది లేదు. రాసేశాక తేలిగ్గా ఉంది, ఆకలి కూడా వేస్తోంది. వదిన అరిచాక టీ ఎందుకు పెట్టుకుంటుందో ఇవాళ తెలిసింది.

నన్ను ఉద్యోగంలో ఉంచుకున్నారు. పట్టికలో థాంక్యూ కూడా చేర్చారు, అయిదో అంకె ఎదురుగా. ఎర్రపెన్నావిడే తన చేత్తో రాసింది.

అన్నయ్యా, నువ్వు ఈసారి ధన్యవాదాలు రాశావంటే నేను తట్టుకోలేను. నన్ను తిట్టు. నీకు ఎలా వస్తే అలా తిట్టు.

నీ చెల్లి


మార్చి 24

ఏమే తల్లీ, నీకు బుద్ధుందా?

సొంత అన్నకి కృతజ్ఞతలు రాస్తావా? రుణమంటావా? భారమంటావా? నిన్ను భుజాల మీద మోసి స్కూలుకి తీసుకెళ్లినప్పుడు నేనెప్పుడైనా బరువన్నానా? ఆ చీటీ చూసిన రోజు నేను షాపుకి వెళ్లి ఒక పలకని చిత్రిక పట్టి పట్టి కాగితమంత పలచగా చేసేశాను. ఓనరు ఏంటిదని అడిగితే పర్లేదండీ అన్నాను. పర్లేదా? పర్లేదని ఎవడు చెప్పాడు? నాకు కోపం. నాకు చాలా కోపంగా ఉంది. మూడు నెలలుగా ఉంది. ఇది రాస్తుంటే పెన్ను కాగితంలోంచి దిగబడింది, ఆ చిల్లు చూడు.

బస్సెక్కేదానివి, నన్ను లేపితే ఏం పోయేది? నిన్ను వెళ్లకుండా ఆపుతాననుకున్నావా? ఆపేవాణ్నే. అరిచేవాణ్ని, వదిన నన్ను తిట్టేది, ముగ్గురం కాసేపు గొడవపడేవాళ్లం. ఆ తర్వాత నీ పెట్టె బస్సుదాకా నేనే మోసుకొచ్చేవాణ్ని. నాకు ఆ మాత్రం కూడా మిగల్చలేదు నువ్వు.

కుర్చీ సంగతి. అడక్కపోవడం నా తప్పు. నువ్వు వద్దంటే నాకు అర్థం కాదా? చాలా మంచి పని చేశావు అంటే నేను నమ్మానే పిచ్చిదానా. నువ్వు నా దగ్గర నేర్చుకున్న విద్య నా మీదే చూపిస్తే పసిగట్టలేకపోయాను.

ఇంట్లో చోటు లేదన్నానా నేను? ఎప్పుడన్నాను? షాపు రేకు కారుతోంది, చెక్క తడిస్తే వంగిపోతుందని పది రోజులు నీ గదిలో పెట్టాను. రేకు బాగైన మర్నాడే తీసేశాను. నీ సామాను ఎందుకు పంపానంటే, ఆ మెట్ల కిటికీ గదిలో నీకు ఏది లేక ఇబ్బందవుతుందో నాకు తెలీలేదు. దుప్పటి అనుకున్నాను. దుప్పటి ఉంటే దిండు వద్దా అనుకున్నాను. గడియారం లేకపోతే పనికి ఆలస్యంగా వెళ్తావేమో, తప్పు పడుతుందేమో అనుకున్నాను. రెండు సాయంత్రాలు ఆ అద్దానికి గడ్డి చుడుతూ కూర్చుంటే, గది ఖాళీ చేశానంటావా? నీ మంచం ఎవరు కదిపారు? నీ మంచం అక్కడే ఉంది, దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వను.

ఎండా వానా తెలియని గదిలో ఉంటూ బాగానే ఉంది అంటావు. అదొక కోపం. పధ్నాలుగు తప్పులయ్యేదాకా నాకు రాయకుండా... రాశావులే, రాశావు. అది కొట్టేస్తున్నాను.

ఉద్యోగం నిలిచినందుకు సంతోషమే. పైదేశం వాళ్ల కోపాన్ని చెవులతో కొలిచేస్తున్నావని ఇక్కడ అందరికీ చెప్పాను, రంపం ఆపి మరీ చెప్పాను. ఆ సంతోషంలో కోపం కొంచెం తగ్గేలా ఉంది, అందుకే గబగబా రాస్తున్నాను.

వదిన ఈ కాగితం మీద తను రాయడానికి ఖాళీ ఉంచమంది. ఉంచను. ఈసారి మొత్తం నాదే.

ఇంకా చాలా ఉంది. చెప్పుల సైజు గురించి ఉంది, ఆ ఫిబ్రవరి ఉత్తరంలో నన్ను మీరు మీరు అని రాసినదాని గురించి ఉంది. కాగితం అయిపోయింది. ఆదివారం పొద్దున బస్సుకి ఇద్దరం వస్తున్నాం. మిగతాది నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తిడతాను. నా చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి నువ్వు కూడా గట్టిగానే మాట్లాడాలి.

అన్న